బిల్లు వసూలు చేసినవారే పనికి జవాబు చెప్పాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం.

తిరుపతిలో ఒక కళాశాలలో రసాయన శాస్త్రం బోధిస్తున్న నేను, ప్రమాదంలో దెబ్బతిన్న కారును ఒక బాడీ వర్క్‌షాపుకు అప్పగించి, లక్షకు పైగా బిల్లు చెల్లయిన తర్వాత కూడా, ఆ పనిలో బయటపడ్డ లోపాలకు జవాబు చెప్పేవారు లేక ఎనిమిది నెలలుగా తిరుగుతున్నాను. వర్క్‌షాపు వారు నష్టాన్ని అంచనా వేసిన బీమా సర్వేయరును చూపిస్తారు, సర్వేయరు బీమా కంపెనీని చూపిస్తారు, బీమా కంపెనీ మళ్లీ వర్క్‌షాపునే చూపిస్తుంది. ఈ తగాదా వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్లబోతున్నందువల్ల ఎవరి పేరూ ఇక్కడ రాయడం లేదు. నా డబ్బు ఇప్పించమని మీ పత్రికను అడగడమూ లేదు. పని ఒప్పుకొని, డబ్బు తీసుకొని, బిల్లు ఇచ్చిన సంస్థ ఆ పనికి బాధ్యత వహించాలా వద్దా అన్న ప్రశ్న రేకు నొక్కులు తీసే టింకరింగు, పెయింటింగు పనికి బండి ఇచ్చిన చాలామందికి ఎదురవుతున్నా, మన దగ్గర ఎవరూ దాన్ని గట్టిగా అడగడం లేదనిపించి రాస్తున్నాను.

గత ఏడాది జూన్‌లో పాకాల వైపు ఒక పెళ్లికి వెళ్లి రాత్రిపూట తిరిగి వస్తున్నాము. మామిడి కాలంలో దామలచెరువు చుట్టుపక్కల రోడ్లు కాయల ట్రాక్టర్లతో ఎలా నిండిపోతాయో మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. తోతాపురి కాయలు నింపుకొని గుజ్జు ఫ్యాక్టరీకి పోతున్న ఒక ట్రాక్టరు వెనుక దీపం లేకుండా రోడ్డు వారగా నిలిచి ఉంది. దగ్గరికి వచ్చేదాకా కనబడక, బండిని కుడివైపుకు తిప్పినా ఎడమ ముందు భాగం ట్రాలీ మూలకు తగిలింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగలలేదు. హెడ్‌లైటు, బంపరు, ఎడమ చక్రం పైనుండే ఫెండరు పగిలిపోయాయి, ఎడమ ముందు చక్రం వెనక్కి నెట్టుకుపోయింది, ముందు తలుపు కింది భాగం లోపలికి నొక్కుకుపోయింది.

బండి వయసు నాలుగేళ్లు దాటింది, నాది విడిభాగాల పాతదనానికి కోత పెట్టకుండా చెల్లించే జీరో డెప్రిసియేషన్ పాలసీ కాదు. అందువల్ల ప్లాస్టిక్, రబ్బరు విడిభాగాల ధరలో సగం, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య వయసున్న బండికి ఇనుప భాగాల ధరలో 35 శాతం, వాటిపైన 1,500 సీసీ లోపు కార్లకు ఉండే 1,000 రూపాయల తప్పనిసరి మినహాయింపు నేనే భరించాలి. మొత్తం బిల్లు 1,12,400 రూపాయలు కాగా బీమా కంపెనీ 68,900 రూపాయలు నేరుగా వర్క్‌షాపుకు చెల్లించింది, మిగిలిన 43,500 నేను కట్టాను. పాలసీ నిబంధనలు అవే కాబట్టి ఈ లెక్క మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ డబ్బుకు జరిగిన పని మీదనే.

పది రోజుల్లో ఇస్తామన్న బండి 26 రోజులకు వచ్చింది. రాత్రి ఏడు గంటలకు ఫోన్ చేసి, అప్పుడే వచ్చి తీసుకెళ్లకపోతే మర్నాటి నుంచి పార్కింగు చార్జీ పడుతుందన్నారు. నేను వెళ్లేసరికి షెడ్డులో ఒక్క ట్యూబులైటు వెలుగుతోంది. కడిగి తుడిచిన బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాను, రంగు బాగానే కలిసిందనిపించింది. పని సంతృప్తికరంగా ఉందని బీమా కంపెనీకి ఇవ్వవలసిన కాగితం బల్ల మీద పెట్టి, గుర్తు పెట్టిన చోట సంతకం చేయమన్నారు, చేశాను. ఈ కాగితం సంగతి మళ్లీ వస్తుంది.

మర్నాడు కళాశాలకు వెళ్తుండగానే బండి ఎడమకు లాగుతున్నట్టు తెలిసింది. నేరుగా పోతున్నప్పుడు గడియారంలో పన్నెండు దగ్గర ఉండవలసిన స్టీరింగు గుర్తు ఒంటిగంట దగ్గర ఉండేది. వారం లోపే వెళ్లి చెబితే, "కొత్త పార్టులు సార్, సెట్ అయ్యేదానికి కొంచెం టైం పడుతుంది" అన్నారు. నెలకు మళ్లీ వెళితే టైర్లలో గాలి సరిచూసి పంపారు. మూడోసారి వెళ్లినప్పుడు, చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంటు చేశామని, అంతా సరిగానే ఉందని చెప్పారు. ఆ యంత్రం ఇచ్చే అచ్చు కాగితం చూపమని అడిగితే ప్రింటరు పనిచేయడం లేదన్నారు. మూడు వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఎడమ ముందు టైరు బయటి అంచు పూర్తిగా అరిగిపోయింది. వేలితో తడిమితే లోపలి వైపు గాడులు లోతుగా తగులుతున్నాయి, బయటి వైపు మాత్రం గచ్చు నేలలా నున్నగా ఉంది.

సెప్టెంబరులో మా అమ్మను తిరుమల దర్శనానికి తీసుకెళ్లాను. దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులో అన్నది అందరికీ తెలిసిందే. దిగే బండి 40 నిమిషాల కన్నా ముందు అలిపిరి చేరకూడదన్న నియమం ఉన్నందువల్ల మెల్లగానే వస్తున్నాము. అయినా మలుపు దగ్గర బ్రేకు నొక్కిన ప్రతిసారీ బండి ముక్కు ఎడమకు తిరిగేది, దాన్ని రెండు చేతులతో కుడికి పట్టి ఉంచవలసి వచ్చేది. ముందు బస్సు, వెనుక వరసగా టాక్సీలు. వెనుక సీట్లో అమ్మ దారి పొడవునా గోవింద నామం పలుకుతూ ఉంది, నేను ఒక్క మాట మాట్లాడలేదు. అలిపిరి దాటి బండి పక్కకు ఆపి దిగేసరికి నా అరచేతులు చెమటతో తడిసిపోయి ఉన్నాయి. ఆ రోజే ఇది నా ఒక్కడి డబ్బు సంగతి కాదన్న నిశ్చయానికి వచ్చాను. నా బండి ఆ మలుపుల్లో మరొకరికి తగిలి ఉంటే, డ్రైవరు నిర్లక్ష్యం అని రాసుకునేవారే తప్ప ఏ వర్క్‌షాపు బిల్లునూ ఎవరూ తిరగేసి చూసేవారు కారు.

నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానలు వచ్చాయి. నాలుగు రోజులు ముసురు పట్టి వదిలిన తర్వాత ఎడమ ముందు తలుపు కింది అంచున కందిగింజలంత బొబ్బలు కనిపించాయి. రెండు వారాలకు అవి చింతగింజలంత అయ్యాయి. ఒకదాన్ని బొటనవేలితో నొక్కితే రంగు పొర చిట్లి, లోపలి నుంచి ఇటుక రంగు నీరు జారి తలుపు మీద చారలు కట్టింది. ఊడిన పెచ్చును స్కేలుతో కొలిస్తే ఆరు మిల్లీమీటర్ల మందం ఉంది. అందులో రంగు అర మిల్లీమీటరు కూడా లేదు, మిగిలినదంతా పుట్టీ. ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తెచ్చి తలుపు మీద పెట్టి చూశాను. పై సగంలో గట్టిగా పట్టుకుంది, కింది సగంలో పెట్టగానే జారి నేల మీద పడింది.

నేను పిల్లలకు ఏటా చెప్పే పాఠమే ఆ తలుపు మీద కనిపించింది. ఇనుము తుప్పు పట్టాలంటే దానికి నీరు, ఆక్సిజన్ రెండూ అందాలి. పుట్టీ ఆరిన తర్వాత రాయిలా కనిపించినా అందులో టాల్క్ వంటి పొడి కలిసి ఉండడం వల్ల తేమను పీల్చుకుంటుంది. దానిపైన రంగుకు ముందు వేసే ప్రైమరు సరిగా పట్టకపోయినా, దాని కింద రేకు మీద తడి, మట్టి, పాత తుప్పు మిగిలిపోయినా లోలోపల తుప్పు మొదలవుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న పుట్టీని, రంగును ఎత్తి పారేస్తుంది. ఆ బొబ్బలు అవే. పుట్టీ వాడడమే తప్పని నేను అనను. నొక్కుకుపోయిన రేకును సాధ్యమైనంత వరకు పాత ఆకారానికి లాగి, సుత్తితో సరిచేసి, మిగిలిన చిన్న ఎగుడుదిగుళ్లను రెండు మూడు మిల్లీమీటర్ల పుట్టీతో సమం చేయడం మంచి పనివారు కూడా చేసేదే. నొక్కు తీయకుండా ఆ గుంతను పుట్టీతో పూడ్చి పైన రంగు కొడితే దాన్ని బాగుచేత అనలేం, అది కప్పిపుచ్చడం. ఆ ఒక్క తలుపుకే బిల్లులో టింకరింగు కింద 4,500, రంగు కింద 6,000 రూపాయలు పడ్డాయి.

బొబ్బలు చూపించడానికి వెళ్లిన రోజు జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి. బండిని వానలో పెట్టారా అని మేనేజరు మొదట అడిగారు. కారు వానలో తడవడం మామూలు వాడకమే కదా అన్నాను. తలుపు మార్చాలని తాము ఎస్టిమేటులో రాసినా సర్వేయరు ఒప్పుకోక రిపేరుకే అనుమతించారని, కాబట్టి అది సర్వేయరు బాధ్యత అని అన్నారు. రిపేరు అయితే రిపేరే సరిగా చేయాలి కదా అంటే, పెయింటింగు పని తమది కాదు, కాంట్రాక్టుకు ఇచ్చాము, ఆ మనిషినే పిలిపిస్తాము అన్నారు. పిలిపించారు. కనుబొమ్మల మీద పుట్టీ పొడి పేరుకున్న ఇరవై ఏళ్ల కుర్రవాడు వచ్చి నిలబడితే, నా ముందే అతన్ని నోటికి వచ్చినట్టు తిట్టి, "సార్‌కు నువ్వే జవాబు చెప్పు" అన్నారు. అతను తల దించుకొని నిలబడ్డాడు. నేను బయటికి వచ్చి బండి తీస్తుండగా కిటికీ దగ్గరికి వచ్చి, "రెండు దినాల్లో బండి బయటికి పోవాలన్న్యారు సార్, ప్రైమరు ఆరేదానికి టైమే ఇయ్యలేదు" అని మెల్లగా చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. బండి 26 రోజులు ఆ ఆవరణలోనే ఉంది. అందులో రంగు పనికి దక్కినవి రెండు రోజులు.

ఆ కుర్రవాడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మన ఆటోనగర్‌లో సుత్తి చప్పుడు మధ్య పెరిగిన పనివారు రేకు మీద అరచేయి ఆనించి ఎక్కడ ఎత్తు ఉందో, ఎక్కడ పల్లం ఉందో కళ్లు మూసుకొని చెప్పగలరు. ఆ చేతులకు తగిన సమయం, సరైన సామగ్రి ఇస్తే ఇలాంటి పని బయటికి రాదు. ప్యానెల్‌కు, అంటే ఒక్కో రేకు భాగానికి, ఇంత అని లెక్క కట్టి ఇచ్చే కూలితో వారు బతుకుతుండగా, వచ్చే లాభం మాత్రం తమది, తప్పు జరిగితే ఆ బాధ్యత కూలివాడిది అని వర్క్‌షాపు వారు అనడం న్యాయం కాదు. ఆ రోజు నన్ను అన్నింటికన్నా ఎక్కువ బాధపెట్టింది అదే.

తలుపు సంగతి ఇలా ఉండగా, బండి ఎడమకు లాగడానికి కారణం వేరే చోట దొరికింది. తిరుచానూరు రోడ్డులోని ఒక అలైన్‌మెంటు కేంద్రంలో బండిని యంత్రం మీద పెట్టిస్తే, చక్రాల ముందు వెనుకల కొలత హద్దుల్లోనే ఉంది, ఎడమ చక్రం నిలువుగా ఉండవలసిన కోణం మాత్రం కాగితం మీద ఎర్రగా వచ్చింది. ఈ బండిలో ఆ కోణం బోల్టు తిప్పి సరిచేసేది కాదని, కింద ఏదో వంగి ఉండాలని ఆ యంత్రం నడిపే అబ్బాయి చెప్పాడు. అప్పుడు నేను బిల్లు తీసి చూశాను. "ఎడమ లోయర్ ఆర్మ్, కొత్తది, 3,800 రూపాయలు" అని స్పష్టంగా ఉంది. చక్రాన్ని కింది నుంచి బండికి పట్టి ఉంచే ఇనుప భాగం అది. బీమా కంపెనీకి లేఖ రాసి సర్వేయరు నివేదిక నకలు తెప్పించుకున్నాను. మోటారు బీమాలో 50,000 రూపాయలు, అంతకు మించిన నష్టాన్ని లైసెన్సు పొందిన సర్వేయరు పరిశీలించి నివేదిక ఇవ్వాలన్నది నియమం. ఆ నివేదికలోనూ లోయర్ ఆర్మ్ మార్చడానికి అనుమతి ఉంది. అంటే 3,800 రూపాయల్లో 35 శాతం, 1,330 రూపాయలు నేను, మిగిలిన 2,470 రూపాయలు బీమా కంపెనీ ఆ కొత్త భాగం కోసం చెల్లించాము.

చంద్రగిరిలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక మెకానిక్ బండిని జాకీ మీద లేపి, చక్రం విప్పి, టార్చి వేసి చూపించారు. లోయర్ ఆర్మ్ నల్లగా నిగనిగలాడుతోంది. ఆయన పాత గుడ్డను పెట్రోలులో ముంచి తుడిస్తే ఆ నల్లరంగు గుడ్డకు అంటుకొని వచ్చింది. దాని కింద ఎండిపోయిన ఎర్రమట్టి, ఆ మట్టి కింద తుప్పు. రబ్బరు బుష్ అడ్డంగా పగిలి ఉంది. ఇనుప స్కేలు ఆనించి చూపితే ఆర్మ్ మధ్యలో చిటికెనవేలు దూరేంత వంపు కనిపించింది. ఆయన నన్ను ఏమీ అనలేదు, "మీరే చూడండి సార్" అని టార్చి నా చేతికి ఇచ్చారు. ఇది ఎవరి పొరపాటో, కావాలని చేసిందో తేల్చే అధికారం నాకు లేదు. కొత్తదని డబ్బు తీసుకున్న భాగం బండికి బిగించలేదన్నది మాత్రం నేను కంటితో చూసిన నిజం. ఫోటోలు పట్టుకొని వెళితే వర్క్‌షాపు వారు కొత్త మాట అందుకున్నారు. బయటి మెకానిక్ చేయి వేశాడు కాబట్టి గ్యారంటీ పోయిందని, ఆ పాత భాగం అతనే బిగించి ఉండవచ్చనీ అన్నారు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. చొక్కా కుట్టమని దర్జీకి గుడ్డ ఇస్తాము. కాజాలు వేసేది ఎక్కడో మరొకరు. ఆ కాజా రెండు ఉతుకులకే ఊడిపోతే మనం వెళ్లేది దర్జీ దగ్గరికే, అతను కూడా మారుమాట లేకుండా తీసుకొని సరిచేయించి ఇస్తాడు. ఆరు వందల రూపాయల కుట్టుపనిలో అందరికీ తెలిసిన ఈ మర్యాద లక్ష రూపాయల బాడీ పనిలో ఎందుకు మాయమవుతోంది? పెయింటరు ఎవరో, విడిభాగాలు సరఫరా చేసింది ఎవరో, అలైన్‌మెంటు ఎక్కడ చేయించారో బండి యజమానికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. వారితో ఒప్పందం చేసుకున్నది వర్క్‌షాపు, వారికి కూలి ఇచ్చినది వర్క్‌షాపు, వారి పనిని తన పనిగా చూపి నా దగ్గర డబ్బు తీసుకున్నది వర్క్‌షాపు. లోపల వారి మధ్య లెక్కలు ఎలా ఉన్నా నాకు సంబంధించినంత వరకు బాధ్యత ఒక్కరిదే.

సర్వేయరు మీదికి నెట్టడం కూడా ఇలాంటిదే. సర్వేయరు తేల్చేది బీమా కంపెనీ ఏ భాగానికి ఎంత చెల్లించాలన్న సంగతి. తలుపు రిపేరు చేస్తే సరిపోదని వర్క్‌షాపుకు నిజంగా అనిపించి ఉంటే, ఆ మాట నాకు రాతపూర్వకంగా చెప్పి, తేడా డబ్బు పెట్టుకొని కొత్త తలుపు వేయించుకుంటారా అని అడగవలసింది. అడగలేదు. రిపేరుతో సరిపోతుందని ఒప్పుకొని చేసిన పనికి, చేసిన తర్వాత ఇంకొకరిని బాధ్యుణ్ని చేయడం కుదరదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 1872 నాటి ఒప్పందాల చట్టం 151వ సెక్షన్ ప్రకారం, ఒకరి వస్తువును పని నిమిత్తం తన దగ్గర ఉంచుకున్నవారు, సామాన్య వివేకం గల మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా దాన్ని చూడాలి. అదే చట్టం 170వ సెక్షన్, ఒప్పుకున్న ప్రకారం పని చేసినవారు తమ కూలి అందేదాకా వస్తువును తమ దగ్గరే ఆపుకునే హక్కు ఇచ్చింది. డబ్బు కట్టకపోతే బండి ఇవ్వబోమని చెప్పేటప్పుడు వర్క్‌షాపులకు ఈ హక్కు బాగా గుర్తుంటుంది, దానికి ముందున్న బాధ్యత కూడా అంతే గుర్తుండాలి. 2020 జులై 20 నుంచి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, సేవ నాణ్యతలో, పనితీరులో ఉండే ఏ లోపాన్నైనా సేవా లోపంగానే నిర్వచించింది. అందించిన సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార విధానాల్లో చేర్చింది. డబ్బు మిగులుతుందని బిల్లు లేకుండా పని చేయించుకునేవారు, రేపు లోపం బయటపడితే చేతిలో ఏ ఆధారమూ లేకుండా పోతుందని గమనించాలి.

సంతృప్తి పత్రం మీద సంతకం చేశారు కదా అన్నది వర్క్‌షాపు వారి చివరి ఆయుధం. నిజమే, చేశాను. చదవకుండా, ట్యూబులైటు వెలుతురులో, నడిపి చూడకుండా చేయడం నా తప్పేనని ఒప్పుకుంటున్నాను. అయితే ఆ రాత్రి కంటికి కనబడిన దానికే ఆ సంతకం వర్తిస్తుంది గాని, పుట్టీ కింద ఏముందో, చక్రం వెనుక ఏ భాగం ఉందో తెలియని మనిషి దాని మీద సంతృప్తి ప్రకటించాడని ఎలా అంటారు? పాఠకులకు నేను చెప్పగలిగింది ఏమిటంటే, బండిని పగటి వెలుతురులోనే తీసుకోండి, పది కిలోమీటర్లు నడిపి చూడండి, మార్చిన పాత భాగాలన్నీ అడిగి తీసుకోండి, అలైన్‌మెంటు కాగితం లేకుండా కదలకండి, సంతృప్తి పత్రం మీద "పైకి కనిపించినంత వరకు" అని మీ చేతితో రాసి దాని కింద సంతకం చేయండి. పాత లోయర్ ఆర్మ్ నా చేతికి ఇమ్మని ఆ రాత్రి అడిగి ఉంటే ఈ తగాదా అక్కడే తేలిపోయేది.

బీమా కంపెనీ జవాబు రెండు వాక్యాలు. వర్క్‌షాపును ఎంచుకున్నది నేనేనట, చెల్లింపుతో తమ బాధ్యత తీరిందట. కాని నేను ఎంచుకున్నది వారి క్యాష్‌లెస్ జాబితాలో, అంటే వారే నేరుగా బిల్లు చెల్లించే వర్క్‌షాపుల జాబితాలో చూసి. వారు నమ్మకం ఉందని ప్రకటించిన చోటు అది. పైగా బండికి బిగించని భాగానికి 2,470 రూపాయలు చెల్లించి నష్టపోయినది వారు కూడా. పని పూర్తయిన తర్వాత సర్వేయరు చేత మరొకసారి పరిశీలన చేయించే పద్ధతి బీమా కంపెనీల్లో ఉంది, నా బండికి అది జరగలేదని సర్వేయరే చెప్పారు. ఇనుప భాగాలు మార్చిన ప్రతి క్లెయిములో ఆ పరిశీలన తప్పనిసరి చేస్తే వారి సొమ్మూ మా ప్రాణాలూ రెండూ దక్కుతాయి. బీమా కంపెనీ మీద ఫిర్యాదుకు హైదరాబాదులో అంబుడ్స్‌మన్ ఉన్నారు. వర్క్‌షాపు మీద ఫిర్యాదు మాత్రం ఆయన పరిధిలోకి రాదు. అందుకే నేను వినియోగదారుల కమిషన్‌నే ఎంచుకున్నాను.

ఆ దారి సామాన్యుడికి అందనంత దూరంలో లేదని తెలిసినవారు తక్కువ. తిరుపతిలోనూ చిత్తూరులోనూ కమిషన్లు ఉన్నాయి. 5 లక్షల రూపాయల లోపు చెల్లించిన సేవకు ఫిర్యాదు రుసుము లేదు. వకీలును పెట్టుకోవాలన్న నిబంధన లేదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. ఎదుటి పక్షం 30 రోజుల్లో, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఆ 45 రోజులు దాటిన జవాబును స్వీకరించే అధికారం లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో తేల్చింది. దానికన్నా ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు, కొన్ని తగాదాలు అక్కడే సర్దుబాటు అవుతాయి. నాది కాలేదు.

మన ఊరికి ప్రత్యేకంగా సంబంధించిన మాట ఒకటి ఉంది. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి సొంత కార్లలో దర్శనానికి వచ్చేవారి బండ్లు ఘాట్ రోడ్డులోనో, కొండ కింద రద్దీలోనో దెబ్బతింటే వారు ఇక్కడే హడావుడిగా బాగు చేయించుకొని ఊరికి వెళ్లిపోతారు. లోపం ఇంటికి చేరాక బయటపడుతుంది. మళ్లీ వచ్చి అడిగేవారు ఉండరన్న ధైర్యం కొందరికి అలవాటైపోయింది. పాత వినియోగదారుల చట్టంలో ఎదుటి పక్షం ఉన్న చోటుకో, తగాదా పుట్టిన చోటుకో వచ్చి ఫిర్యాదు చేయవలసి వచ్చేది. ఇప్పుడు ఫిర్యాదుదారు తాను నివసించే ఊరి కమిషన్‌లోనే వేయవచ్చు. ఈ సంగతి యాత్రికులకు తెలియాలి, మన వర్క్‌షాపుల వారికి ఇంకా బాగా తెలియాలి. వెంకన్న దర్శనానికి వచ్చిన కుటుంబం మన ఊరి పని నమ్మి ఘాట్ రోడ్డులో, హైవేల మీద ప్రయాణం చేస్తోందన్న ఎరుక వారికి ఉండాలి.

కమిషన్‌లో నాలాంటివారికి ఎదురయ్యే నిజమైన కష్టం నిపుణుడి అభిప్రాయం. వస్తువులో లోపముంటే ప్రయోగశాలకు పంపవచ్చు, పనితనంలో లోపముందని ఎవరు చెప్పాలి? చంద్రగిరి మెకానిక్ కళ్లు ఎంత నిశితమైనవైనా ఆయన మాటను పోటీ వ్యాపారి మాట అని ఎదుటివారు కొట్టిపారేస్తారు. కమిషన్ అడిగినప్పుడు, నిర్ణీత రుసుము తీసుకొని, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇంజనీరింగు కళాశాల మెకానికల్ విభాగం అధ్యాపకులో బండిని చూసి నివేదిక ఇచ్చే ఏర్పాటు ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. 2019 చట్టం ప్రకారం ప్రతి జిల్లాకు కలెక్టరు అధ్యక్షతన వినియోగదారుల రక్షణ మండలి ఉండాలి, అది ఏడాదికి కనీసం రెండుసార్లు సమావేశం కావాలి. తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లు తదుపరి సమావేశంలో ఈ ఏర్పాటును చర్చకు పెట్టాలని కోరుతున్నాను. దానితో పాటే, ఏ భాగం మార్చేదీ ఏది రిపేరు చేసేదీ విడివిడిగా రాసిన జాబ్ కార్డు నకలు బండి యజమానికి ముందే ఇవ్వడం, మార్చిన పాత భాగాలను తిరిగి అప్పగించడం, రంగుకూ రేకు పనికీ ఎన్ని నెలల గ్యారంటీయో బిల్లు మీదే అచ్చు వేయడం, ఈ మూడూ ప్రతి వర్క్‌షాపులో అమలయ్యేలా చూడాలని మనవి. బాగా పనిచేసే వర్క్‌షాపులకు వీటివల్ల నష్టమేమీ ఉండదు. వాటిలో కొన్ని ఈ పని ఇప్పటికే చేస్తున్నాయి.

లోయర్ ఆర్మ్‌ను విప్పించే ముందు వర్క్‌షాపుకూ బీమా కంపెనీకీ పోస్టులో నోటీసు పంపి, ఫలానా రోజు ఉదయం పది గంటలకు మీ మనుషులను పంపి చూసుకోండని రాశాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎదురుచూసినా ఎవరూ రాలేదు. తర్వాత ఇద్దరు సాక్షుల ఎదుట వీడియో తీయిస్తూ దాన్ని విప్పించి, నా ఖర్చుతో కొత్తది వేయించుకున్నాను. బండి ఇప్పుడు నేరుగా పోతోంది. తలుపును మాత్రం బొబ్బలతోనే ఉంచాను. వంగిన ఆర్మ్ గోనెసంచిలో చుట్టి మా ఇంటి వరండాలో ఉంది. కమిషన్ పంపే నిపుణులు ఎవరైనా, లేదా ఇన్నాళ్లుగా నేను జవాబు అడుగుతున్న ఆ వర్క్‌షాపు వారే అయినా, ఏ రోజు వచ్చినా రెండింటినీ చూపించడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక రసాయన శాస్త్ర అధ్యాపకుడు,
తిరుపతి